చిట్టికి తీసిన తరుగు

నా తెలివి మీద నాకున్న నమ్మకం జనగామలో, మైకు సాక్షిగా, నిండు సభలో ఎలా కూలిపోయిందో చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. మా నాయినకు మాత్రం వినిపించకండి, నేను ఎప్పటికైనా పనికొస్తానని ఆయనకింకా ఆశ ఉంది.

తొర్రూరులో మాది మిర్చి, ధాన్యం కొట్టు. డిగ్రీ అయ్యాక గల్లా దగ్గర కూర్చున్నానే గానీ, నేను సరుకు చూసింది తక్కువ, ఫోన్ చూసింది ఎక్కువ. వింత జంతువుల్ని పట్టి, పెంచి, కొట్లాడించే ఆట అది. ప్రతి జంతువుకూ పైకి ఒక బలం కనిపిస్తుంది. అందులో పుట్టుకతో వచ్చింది ఎంతో, మనం మేపితే వచ్చింది ఎంతో ఆట చెప్పదు. అంచనా కట్టుకోవాలి. ఆ అంచనాలో నన్ను మించినవాడు లేడని తొర్రూరంతా చెప్పుకునేది. తొర్రూరంతా అంటే నేనే.

మా పక్క టైలర్ షాపాయన కూతురు రెహానా. ఇంటర్ అయిపోయింది. పగిలిన ఫోన్ మీద వేలితో గీసినా బొమ్మకు ప్రాణం వస్తుంది. జనగామలో మా ఆటకు పోటీ పెట్టారనీ, గెలిస్తే బొమ్మలు గీసుకునే ట్యాబ్ ఇస్తారనీ తెలిసి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, గా ట్యాబ్ నాకు గావాలె. గదుంటేనే బొమ్మల కోర్సుల చేరొచ్చు. అబ్బాను అడగబుద్ధి అయితలేదు. ఒక్క జంతువునే తీస్కపోవాలెనట. మేపిన బలం తీసేస్తరట, పుట్టుబలంతోనే కొట్లాట. చిట్టిని తీస్కపోవాల్నా, గండును తీస్కపోవాల్నా?"

చిట్టి రెహానా నిన్నగాక మొన్న పట్టిన తొండ, ఒక్క మెతుకు మేత ఎరగదు. గండు ఏడాదిగా మేపుతున్న ఎలుగుబంటి. పైకి కనిపించే బలం రెండింటికీ ఇంచుమించు ఒకటే. మరి మేత లేకుండానే అంత బలమున్నది ఏది? చూశారా, మీకు తెలిసిపోయింది. మా కొట్లో పిల్లికి కూడా తెలిసే ఉంటుంది. నాకే తెలియలేదు. ఎందుకంటే నేను వ్యాపారస్థుడి కొడుకును. కొత్త మిర్చి రాగానే బస్తాలో చేయి పెట్టి పిసికి చూస్తాం. తేమ తగిలితే, ఆరాక బరువు తగ్గుతుందని ముందే కొంత తరుగు తీసేస్తాం. నాకది ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

"చిట్టి కొత్త సరుకు గద చెల్లె, పచ్చిగుంటది. తరుగు పోతది," అన్నాను గల్లా పెట్టె మీద దరువేస్తూ.

"తొండకు తరుగేందన్నా?"

"నీకు తెల్వది. గండు ఆరిన సరుకు. ఎంత కనవడుతదో అంత ఉంటది."

"దానికి మస్తు మేత వెట్టిన. గదంత తీసేస్తరంటున్న గద!"

"ఒంటికి పట్టింది ఎట్ల తీస్తరు? నిన్న నువ్వు తిన్న బువ్వ ఎవరన్న గుంజుకుంటరా?"

రెహానా సరేనని తలూపింది. అంత తెలివితక్కువ మాటతో ఎవరు మాత్రం వాదిస్తారు! నేను అక్కడితో ఆగినా బాగుండేది. "గా పచ్చిదాన్ని నాకిచ్చెయ్, నా దగ్గరున్న మేతంత గండుకు ఇస్త," అని మార్పిడి కూడా చేయించాను. ఎంత త్యాగమో అని నా ఛాతీ ఉబ్బింది.

జనగామలో తోడుగా ఉంటానని నేనూ పేరిచ్చాను. నా మంచి జంతువును దింపితే పాపం రెహానా ఓడిపోతుందేమోనని, దయతలచి చిట్టిని దింపాను. మొదటి కొట్లాటే మా ఇద్దరికీ పడింది. మేపిన బలం తీసేయగానే గండు ఉడికించిన పాలకూరలా ఇంతైపోయింది. చిట్టి తోక ఒక్కసారి విసిరింది. గండు వెల్లకిలా పడింది.

"అన్నా! గిదేంది?"

"ఆగవే చిట్టీ!" అని ఫోన్‌ను బతిమాలుకున్నాను. అప్పటికే నేను గెలిచానని చప్పట్లు కొడుతున్నారు.

రెహానా కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఆ పిల్ల ట్యాబ్‌ను నా నోటితో నేనే ఊడగొట్టాను.

రెహానా చున్నీతో కళ్లు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "ఏడ్చుడు ఇంటికాడ. ఇగ నువ్వు సోచాయించకు, నేను చెప్పినట్టు ఆడు. చిట్టి సంగతి నాకెరుక."

ఆడాను. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు పక్కకు జరగాలో ఆమె చెవిలో చెబుతుంటే నా వేళ్లు కదిలాయి. ఒక్కొక్కరే పడిపోయారు. ఆఖరివాడు కూడా పడ్డాక రెహానా కుర్చీ ఎక్కి గంతులేసింది. నా పేరు పిలిచి ట్యాబ్ చేతిలో పెట్టారు. పెట్టె కూడా విప్పకుండా ఆమెకిచ్చేశాను.

నిర్వాహకుడు మైకు నా ముందు పెట్టాడు. "గింత పుట్టుబలం ఉన్నదాన్ని ఎట్ల కనిపెట్టిన్రు తమ్మీ?"

నేను దగ్గాను. మళ్లీ దగ్గాను. రెహానా మైకు లాక్కుంది.

"అల్కగ సార్. ఏది పనికిరాదో అన్నను అడిగినం. గదే పట్టుకొచ్చినం."

హాలు హాలంతా ఘొల్లుమంది. ఇప్పుడు రెహానా కోర్సులో చేరి రోజూ ఆ ట్యాబ్ మీద బొమ్మలు గీస్తోంది, నాకు కడుపు నిండినట్టుంది. నేను మాత్రం మా కొట్టు కాంటా మీద చేయి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో తొండకు గానీ, ఎలుగుకు గానీ, రాబోయే జన్మల్లో మరే ప్రాణికి గానీ అంచనా కట్టను. అయినా ఒట్టు నిలవనిస్తేగా! తొర్రూరు పిల్లలు ఫోన్లు పట్టుకుని కొట్టు ముందు వరుసగా నిలబడుతున్నారు.

"అన్నా, గీటిల ఏది పనికిరాదో జర చెప్పవా?"