సర్వీస్ ప్యాక్‌కు ముహూర్తం

పోయిన శనివారం మా ఇంట్లో కంప్యూటర్ ప్రాణం మీదికి వచ్చింది. వైరస్ పడిందేమో అనుకుంటారు. కాదు. వైరస్ పడకుండా కాపాడదామని దాని ముందర కూర్చున్న నా వల్ల!

మొదటి నుంచి చెప్తాను. ముప్పై మూడేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నోరు ఇది. మధ్యలో నుంచి ఎత్తుకోవడం దానికి చేతగాదు.

మాది బెళుగుప్ప దోవలో ఒక పల్లె. రాయదుర్గానికి బస్సులో ముక్కాలు గంట. ఇంట్లో నేనూ, మా ఆయనా, కొడుకూ, కోడలూ. కొడుకు రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో కటింగ్ మాస్టరు. కోడలు సుజాత. కంప్యూటర్ సుజాతది.

జీన్స్ ప్యాంటు వెనక జేబు మీద లావు దారంతో కుట్టిన గీతలు చూసే ఉంటారు. ఒకదాని మీద రెక్కల మాదిరి, ఇంకొకదాని మీద అలల మాదిరి. అవి వాటంతట అవి పుట్టవు కదా, ఎవరో ఒకరు గీయాలి. సుజాత ఆ పని నేర్చుకుంది. ఒక యూనిట్ ఓనరు "ముప్పై రెండు డిజైన్లు పట్టుకురామ్మా, నచ్చినాయంటే ఇంక మా జేబులన్నీ నీకే" అన్నాడంట. అంతే, ఆ పిల్ల రెండు నెలలు ఆ కుర్చీ దిగలేదు. సెనిక్కాయలు ఒలుస్తూ కూడా చేటలో వేలితో ఏవో వంకర్లు తిప్పేది. ఆ డిజైన్లన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. మా కంప్యూటర్‌కు సీడీ చదవడం వచ్చు, రాయడం రాదు. ఫ్లాపీలో ఒక్క డిజైన్ కూడా పట్టదు. సోమవారం ఓనరుకు ఇవ్వాలి, ఆ పొద్దు పెట్టెనే రాయదుర్గానికి మోసుకుపోయి సీడీ చేయించాలని అనుకున్నారు.

ఇంతవరకూ అర్థమైంది కదా? సరే, పై పాఠానికి పోదాం.

రెండు వారాల కిందట పెన్షన్ పని మీద అనంతపురం పోయి, బస్టాండులో ఒక కంప్యూటర్ పత్రిక కొన్నాను. దాని లోపలి అట్టకు ఒక సీడీ అంటించి ఉంది. పైన 'సర్వీస్ ప్యాక్' అని రాసి ఉంది. బస్సులో కూర్చుని ఆ వ్యాసం మూడుసార్లు చదివినాను. విషయం ఏమిటంటే, కంప్యూటర్‌కు మనకు కనబడని తలుపులు చాలా ఉంటాయి. ఫోన్ తీగ పెట్టి ఇంటర్నెట్ తెరిచినప్పుడు ఆ తలుపుల్లో నుంచి దొంగలు దూరుతారు. ఈ సీడీ వేస్తే తలుపులన్నిటికీ గడియలు పడతాయి. అయితే వేసేటప్పుడు ఏదైనా తేడా వస్తే కంప్యూటర్ పడుకుంటుంది. కాబట్టి ముందు మీ ఫైళ్లన్నీ కాపీ చేసి పెట్టుకోండి అని వ్యాసం రాసినాయన పెద్ద అక్షరాలతో రాసినాడు.

ఇంటికి వచ్చి సీడీని పత్రికతో పాటు టేబుల్ మీద పెట్టినాను. వేయాలా వద్దా? వారం రోజులు నా బుర్రలో ఇదే. చివరకు ఆదివారం పూట అందరినీ కూర్చోబెట్టినాను. వంటింటి గోడకు నా పాత నల్లబోర్డు ఉంది, పాల లెక్క రాసేది. దాన్ని తుడిచి మధ్యలో నిలువు గీత గీసినాను. ఎడమ పక్క 'వేస్తే', కుడి పక్క 'వేయకపోతే'.

"ఇప్పుడు ఒక్కొక్కరే చెప్పండి" అన్నాను.

మా ఆయన తువ్వాలు దులిపినాడు. "బాగా తిరుగుతాండే మోటార్ను ఎవుడన్నా ఊరికే ఇప్పుతాడా? వద్దు."

"అది మోటార్ కాదు" అన్నాను.

"నాకు అన్నీ మోటార్లే."

కొడుకు కొంచెం చదువుకున్నోడు. "అమ్మా, ఏసేటప్పుడు ఏదన్నా అయితే సుజాత పనంతా పోతాది. వచ్చే సోమవారం డిజైన్లు ఇచ్చేసినంక ఏసుకుందాం."

"నువ్వేమంటావు సుజాతా?"

"మీరు ఎట్లంటే అట్ల అత్తమ్మా. సోమవారం కానీ."

ముగ్గురూ ఇప్పుడు వద్దనే మాట మీదే ఉన్నారు. బోర్డు మీద 'వచ్చే సోమవారం తర్వాత' అని రాసి కింద గీత కొట్టినాను. క్లాసు అయిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

శుక్రవారం సాయంత్రం సుజాత ఫోన్ తీగ తీసి కంప్యూటర్‌కు పెట్టి, ఓనరుకు మచ్చుకు ఒక డిజైన్ పంపించింది. శనివారం పొద్దున పేపర్లో చిన్న వార్త. ఏదో కొత్త వైరస్ ఫోన్ తీగ వెంబడే వచ్చి కంప్యూటర్లో ఉన్నవన్నీ తుడిచేస్తోందంట! నిన్న సాయంత్రమే కదా తీగ పెట్టింది? ఇప్పటికే లోపలికి వచ్చి ఏ మూలనో కూర్చుని ఉంటే? రెక్కలూ అలలూ అన్నీ నాకేస్తుంటే?

అప్పటికే సుజాత ఓనరును కలవడానికి రాయదుర్గం బస్సెక్కింది. కొడుకు పనికి పోయినాడు. మా ఆయన పొలానికి. అడగడానికి ఎవరూ లేరు. ఆ పిల్ల వచ్చేలోపల గడియలన్నీ బిగించేసి, 'నీ పని భద్రం సుజాతా' అని చెప్పాలని నా ఆశ.

నేనేమీ తొందరపడలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మొదట పత్రిక మళ్లీ చదివినాను. 'మధ్యలో కరెంటు పోకూడదు' అని ఉంది. వెంటనే లైన్‌మన్ రామాంజికి ఫోన్ చేసినాను. మా బడిలో నాలుగో తరగతి చదివినవాడే.

"ఒరే రామాంజీ, ఈ పొద్దు కరెంటు పోతాదా?"

"లే టీచరమ్మా! పదిన్నర కాడ త్రీ ఫేజు వదుల్తాం. మద్యాన్నం దాకా పోయేదే లేదు. యాల టీచరమ్మా, మిరపకాయలు పట్టించల్లనా?"

"అంతకంటే పెద్ద పని" అని ఫోన్ పెట్టేసినాను.

పట్నంలో ఉండేవాళ్ల కోసం చెప్తాను. మా పల్లెల్లో కరెంటు రెండు రకాలు. ఇంట్లో బల్బు వెలగాలంటే సింగిల్ ఫేజు చాలు. పొలంలో బోరు మోటారు తిరగాలంటే త్రీ ఫేజు కావాలి, అది రోజుకు కొన్ని గంటలే ఇస్తారు. నేను ఏమనుకున్నానంటే, ఒక తీగ మీద వచ్చే కరెంటు కంటే మూడు తీగల మీద వచ్చే కరెంటు గట్టిది కదా! ఒకటో తరగతి పిల్లోడు కూడా మూడే పెద్దదంటాడు.

తర్వాత పంచాంగం చూసినాను. నవ్వకండి. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. అంటే, పదిన్నరకు రాహువు పోతాడు, అదే పదిన్నరకు త్రీ ఫేజు వస్తుంది. ఇంతకంటే గొప్ప ముహూర్తం పెళ్లిళ్లకు కూడా దొరకదు!

పదీ ముప్పై రెండుకు మానిటర్‌కు కుంకుమ పెట్టి, సీడీ లోపలికి తోసినాను. తెర మీద ఇంగ్లీషులో అడిగిన ప్రతిదానికీ 'అవును' అన్నాను. ఒక ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. పావు వంతు. సగం. నాకు ఎంత గర్వమో! కాఫీ కలుపుకొని వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

త్రీ ఫేజు వచ్చేసి ఉంటుందిలే అనుకున్నాను. రాలేదు. రామాంజి ఆ పొద్దు ఇరవై నిమిషాలు ఆలస్యం. సరిగ్గా గీత ముప్పాతిక దాటినప్పుడు వదిలినాడు.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. మా పొలాల్లో ప్రతి మోటారుకూ ఆటో స్టార్టరు ఉంటుంది. మనిషి అక్కడ లేకపోయినా, కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న బోర్లన్నీ ఒక్కసారిగా లేచి ఒక్క గుక్కలో కరెంటు తాగుతాయి. ఆ నిమిషంలో ఊళ్లో వోల్టేజి నేలకు దిగుతుంది. అందుకే త్రీ ఫేజు వచ్చే వేళకు మా ఊళ్లో ఆడవాళ్లెవ్వరూ మిక్సీ వేయరు, టీవీ ఆపేస్తారు. నేను కూడా ఏళ్ల తరబడి మిక్సీ ఆపుతూనే ఉన్నాను! చట్నీ కోసం గుర్తుండే సంగతి కంప్యూటర్ కోసం గుర్తుకు రాలేదు.

ట్యూబులైటు రెండుసార్లు కన్ను కొట్టింది. ఫ్యాను మూలుగుతూ నిలబడిపోయింది. కరెంటు పోతే కంప్యూటర్‌ను నిలబెట్టాల్సిన యూపీఎస్ 'కుయ్, కుయ్, కుయ్' అని మూడు కూతలు కూసింది. దాని బ్యాటరీ చచ్చి ఏడాదయింది, కూతలే మిగిలినాయి. 'టక్' అని తెర నల్లబడింది.

నిమిషంలో వోల్టేజి వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేసినాను. తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. తొమ్మిదిసార్లు లెక్కపెట్టినాను. పదోసారి లెక్కపెట్టే ధైర్యం లేక పవర్ తీసేసి, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

అప్పుడే మా ఆయన పొలం నుంచి వచ్చినాడు, ముఖమంతా వెలుగే. "ఈ పొద్దు మన బోరు బో పోసింది! వినపల్లా నీకు?"

"వినబడింది" అన్నాను.

పన్నెండు గంటల బస్సుకు సుజాత దిగింది. పరిగెత్తినట్టే వచ్చింది. "అత్తమ్మా! పంపించిన డిజైన్ ఆయప్పకు బో నచ్చింది! సోమవారం దాకా వద్దు, రేపే అన్నీ తెమ్మన్నాడు!"

నేను లేచి నిలబడినాను. హోంవర్క్ చేయని పిల్లలు నా ముందర ఎట్లా నిలబడేవాళ్లో, అచ్చం అట్లా. జరిగిందంతా చెప్పినాను. పేపరు వార్త, రామాంజి, రాహుకాలం, ఆకుపచ్చ గీత, ఏదీ దాచలేదు.

సుజాత కంప్యూటర్ వైపు చూసింది. కుర్చీలో కూర్చుంది. చెంబెత్తి నీళ్లు తాగింది. నన్ను నాలుగు మాటలు అనేసి ఉంటే బాగుండు అనిపించింది. చివరకు అడిగింది, "అన్నం తినినారా అత్తమ్మా?"

"లేదు."

"తినండి. ఒంటిగంట బస్సుకు పోదాం."

సీపీయూ పెట్టెను దుప్పట్లో చుట్టి, బస్సులో నా ఒళ్లోనే పెట్టుకున్నాను. సుజాత అడిగినా ఇయ్యలేదు. కండక్టరు వంగి చూసినాడు. "ఏమవ్వా, దుప్పట్లో ఏముండాది? కోడా?"

"కంప్యూటరు నాయనా."

"దుప్పటెందుకు, సలి జొరమా?"

బస్సంతా నవ్వింది. సుజాత కూడా నవ్వింది. నాకు కొంచెం ఊపిరాడింది.

రాయదుర్గంలో బాషా అని కంప్యూటర్ రిపేరు చేసే ఆయన ఉన్నాడు. పెట్టె విప్పి, లోపలి హార్డ్ డిస్క్ ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించినాడు. "దిగులు పడొద్దమ్మా, ఇల్లు కూలితే బీరువా కూలినట్టు కాదు. చూస్తాం ఉండు" అన్నాడు. తెర మీద ఒక్కొక్క పేరే తెరుచుకుంటూ పోయినాడు. నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టినాను. రెక్కలు. అలలు. జొన్నకంకి. నెమలి కన్ను. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి...

ముప్పై రెండు!

సుజాత నా చేయి పట్టుకుంది. నేను కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నాను. బాషా రెండు సీడీలు చేసి ఇచ్చినాడు. ఆ తర్వాత ఏదో చూస్తూ తల గోక్కున్నాడు.

"ఏందమ్మా ఇది, ఈ సర్వీస్ ప్యాక్ దీంట్లో ముందే ఉండాదే! పదకొండు దినాలయింది ఏసి. ఉండేదాని మీద మళ్లా ఎందుకు ఏసినారు?"

నేను సుజాతను చూసినాను. సుజాత షాపు పైకప్పును చూసింది.

"మీరు సీడీ తెచ్చిన రెండోనాడే ఏసేసినా అత్తమ్మా" అంది చిన్న గొంతుతో. "మద్యాన్నం మీరు కునుకు తీస్తాంటే. అర్ధగంటలో అయిపోయింది."

"మరి ఆదివారం నేను అంతసేపు బోర్డు మీద రాస్తుంటే చెప్పలేదేమే?"

"ఎట్ల చెప్పల్ల అత్తమ్మా? అన్ని దినాలకు మళ్లీ సుద్దముక్క పట్టుకున్నారు. మీ మొగం ఎట్ల ఎలిగిపోతాండె! సోమవారం దాకా మీరు దాని జోలికి పోరులే అనుకుంటి."

బాషా పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నాకు కోపం రావాలి కదా? రాలేదు. నేను వారం రోజులు తల పగలగొట్టుకున్న ప్రశ్నకు ఆ పిల్ల జవాబు రాసేసి, నేను పాఠం పూర్తి చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. బడిలో అలాంటి పిల్ల దొరికితే నెత్తిన పెట్టుకునేదాన్ని.

ఆదివారం ఓనరు ఇరవై ఒక్క డిజైన్లు తీసుకున్నాడు. సోమవారం బాషా కంప్యూటర్‌ను బాగు చేసి పంపినాడు. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కూడా పడింది. అదే రోజు సాయంత్రం తెర మీద ఏదో చిన్న పెట్టె లేచి, ఇంకొక అప్‌డేట్ వచ్చింది, వేయమంటారా అని అడిగింది. నేను గట్టిగా "సుజాతా!" అని పిలిచి, చేతులు వెనక్కి కట్టుకుని నాలుగడుగులు దూరంగా నిలబడినాను.

బడిలో నేను రిటైరైనప్పుడు పెద్ద సభ పెట్టి, శాలువా కప్పి, గడియారం ఇచ్చి పంపినారు. పోయిన సోమవారం రెండోసారి రిటైరైనాను. ఈసారి శాలువా లేదు గానీ, మా ఆయన మాత్రం చప్పట్లు కొట్టినాడు.