నడక సిస్టరు

ఆ వార్డులో పెద్ద సిస్టరు మాటంటే మాటే. ఇంటికెళ్ళే రోగి ఎవరైనా సరే, సొంత బట్టలు తొడుక్కుని చివరి కిటికీ దాకా నడిచి రావాలి. అప్పటిదాకా చేతికున్న సెలైన్ సూది తీసేది కాదు. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. కుర్ర డాక్టర్లు చాటుగా 'నడక సిస్టరు' అని నవ్వుకునేవాళ్ళు. నవ్వనీ, నవ్వే నోళ్ళకు తాళాలేస్తామా!

కడుపు ఆపరేషనయిన దర్జీకి ఆ రోజు తొమ్మిదో రోజు. ఇంటికి పంపాలి. పొద్దున పొట్టకున్న గొట్టంలో రెండు చెంచాల ఎర్రటి రక్తం కనిపించి, దానంతటదే ఆగిపోయింది.

"గొట్టం ఒరుసుకుని ఉంటుంది. బీపీ భేషుగ్గా ఉంది, గొట్టం తీసి పంపించేయండి," అన్నాడు చిన్న డాక్టరు.

"కారే రక్తం కనబడుతుంది డాక్టరు బాబూ. ఆగిందనుకున్నదే కొంప ముంచుతుంది. ముందు నడవనీయండి."

దర్జీ భార్య సంచులు సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "మా ఆయనేమన్నా ఏడాది పిల్లాడా, తప్పటడుగులు వేయించడానికి? బయట బండి ఆగి ఉంది సిస్టరమ్మా!" అని కయ్యిమంది.

"ఆగనీ. నడవందే నేను సూది తీయను."

దర్జీ నడిచాడు. మూడో మంచం దాటగానే, "దాహంగా ఉంది సిస్టర్," అంటూ గోడ పట్టుకున్నాడు. నుదుటి నిండా చల్లటి చెమట. ఆమె అతని మణికట్టు పట్టి నాడి చూసింది. నూట ముప్పై! లోపల రక్తం పోతుంటే గుండె పరుగులు పెట్టి బీపీని నిలబెట్టుకొస్తోందన్నమాట. ఆమె ప్రాణం ఝల్లుమంది. చేతికి ఇంకా తీయని సూది ఉందిగా! దాంట్లోకే సెలైను వదిలి, రక్తం తెప్పించమని కేకేసి, పెద్ద సర్జనుకు తనే ఫోను చేసింది.

"లోపల రక్తం కారుతోంది సార్. స్కానుకు తీసుకొస్తున్నా, మీరూ రండి."

స్కానులో దొంగ దొరికాడు. కుట్ల పక్కన రక్తనాళం చిట్లింది. తొడలోని రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, తీగచుట్టతో ఆ చిల్లు మూసేశారు. మళ్ళీ పొట్ట కోసే పనే పడలేదు. "ఇంకో గంటయితే దక్కేవాడు కాదు," అన్నాడు సర్జను. నవ్విన నాపచేనే పండిందంటే ఇదే మరి!

చిన్న డాక్టరు తల వంచుకుని వచ్చాడు. "తిట్టండి సిస్టర్."

"తిట్లెందుకు బాబూ? రేపట్నుంచి మీరూ నడిపించండి."

పది రోజుల తర్వాత దర్జీ తను కుట్టుకున్న చొక్కా తొడుక్కుని కిటికీ దాకా వెళ్ళొచ్చాడు. నాడి డెబ్బై ఎనిమిది. ఆమె కళ్ళు చెమర్చాయి. సంతోషంగా సూది తీయబోయింది. దర్జీ భార్య చేయి అడ్డం పెట్టింది.

"ఏమిటమ్మా అంత తొందర? బండిదేముంది, ఆగుతుంది. ఇంకోసారి నడవనీయండి!"