డ్రిల్లు మాస్టారి నడుం

గురజాల బోర్డు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు రాజారత్నానికి తన నడుమంటే ప్రాణం. యుద్ధకాలంలో నాలుగేళ్ళు పటాలంలో చేసి వచ్చిన మనిషి. పటాలం ఆయనకిచ్చినవి ఒక ఇనపపెట్టె, ఒక ఈల, నిట్టనిలువు నడుం. పెట్టె తుప్పుపట్టింది, ఈల రెండుసార్లు మారింది. నడుం మాత్రం నలభై రెండో ఏట కూడా తాటిచెట్టులా ఉందని ఊళ్ళో వాళ్ళకు ఆయనే చెప్పేవాడు. చర్చిలో ప్రార్థనప్పుడు అందరూ వంగేవాళ్ళు. ఆయన తల ఒక్కటే వంచేవాడు. మెడ కింద భాగం దేవుడి ముందు కూడా అటెన్షన్‌లోనే ఉండేది.

1958లో, వేసవి సెలవులకు ఇంకా నెల ఉందనగా, ఒక ఆదివారం రుబ్బురోలును వసారాలోకి జరపాలని ఆయన భార్య రూతమ్మ అంది.

"ఎదురింటి యల్లమందను పిలుస్తా. ఇద్దరూ కలిసి దొర్లించండి."

"రోలుకు ఇద్దరు మొగోళ్ళెందుకే?" అని ఆయన కాళ్ళు బిగించి, నడుం వంచి, రోలును జానెడు లేపి, లేపినవాడు లేపినట్టే పక్కకు తిరిగాడు. నడుం అడుగున ఎండుపుల్ల విరిగినట్టయింది. రోలు అక్కడే పడింది. పక్కనే ఆయనా పడ్డాడు.

"ఏందండీ, ఏమైంది?"

"ఏం కాలా. కాసేపు నేల చూస్తున్నా."

సాయంత్రానికి ఆ నొప్పి పిరుదులోంచి తొడ వెనగ్గా, పిక్క మీదుగా ఎడమకాలి చిటికెనవేలు దాకా కారం రాసినట్టు దిగింది. రెండోనాటికి లేచి నిలబడగలిగాడు గాని, నిటారుగా కాదు. నడుం పైభాగమంతా కుడివైపుకు ఒరిగిపోయింది. సరిచేసుకోబోతే ప్రాణం పోతోంది. అయినా బడికి వెళ్ళి ఈల ఊదాడు.

పిల్లలకు ఆయన పదేళ్ళుగా నేర్పింది ఒక్కటే: "నన్ను చూసి నిలబడండి." వాళ్ళు చూశారు. నూటయాభై మందీ కుడివైపుకు ఒరిగి నిలబడ్డారు. ఎగతాళికి కాదు, భయానికి. వరండాలోంచి చూసిన హెడ్మాస్టరు చెన్నకేశవరావు తనకే కళ్ళు తిరుగుతున్నాయనుకుని స్తంభం పట్టుకున్నాడు. విషయం తెలిశాక మాస్టారిని ఇంటికి పంపించాడు.

పక్కింటి మాబున్నీసా ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని అందరికీ నమ్మకం. మనిషి కూడా నిండుగా ఉంటుంది.

"బోర్లా పడుకో తమ్ముడూ. మూడు తొక్కుళ్ళు. నాలుగోది నువ్వడగవు."

మొదటి తొక్కుడుకు ఆయన ఏసయ్యను పిలిచాడు. రెండోదానికి రూతమ్మ పెళ్ళయిన నాటినుంచీ వినని పటాలపు హిందీ మాటలు కొన్ని బయటికొచ్చాయి. మాబున్నీసా కాలు వెనక్కి తీసుకుంది.

"ఇది నా కాలికి లొంగేది కాదు. లోపల ఏందో జారింది. ఆస్పత్రికి పో" అంది.

మర్నాడు బస్సులో నిలబడే మిషన్ ఆస్పత్రికి వెళ్ళాడు. కూర్చుంటే కాలు మండుతోంది. జాలిపడి సీటిచ్చినవాళ్ళ మీదల్లా కసురుకున్నాడు.

డాక్టరమ్మ లీలావతి ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు పైకి లేపింది. జానెడు లేవగానే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలికి బలముందో లేదో చూసింది. మూత్రానికీ దొడ్డికీ ఇబ్బందేమైనా ఉందా అని అడిగింది. డ్రిల్లు మాస్టారిని అలాంటిది అడిగినవాళ్ళు లేరు. లేదని పైకప్పుకు చెప్పాడు.

"వెన్నుపూసల మధ్య తాటిముంజెల్లాంటి మెత్తలుంటాయి మాస్టారూ. డిస్కులంటారు. ముంజెను ఒకవైపు నొక్కితే ఏమవుతుంది?"

"నీళ్ళు రెండోవైపు చిమ్ముతయ్."

"మీరు వంగి, బరువెత్తి, పైగా తిరిగారు. ముందువైపు నొక్కుకుని వెనకవైపు ఉబ్బింది. కాలికి పోయే నరం అక్కడే ఉంది. తప్పు నడుంలో జరిగితే కేకలు కాలు పెడుతోంది."

"మరి ఈ ఒరగడమేందమ్మా?"

"నరం నలగకుండా ఒళ్ళు పక్కకు తప్పుకుంటోంది. మీకన్నా దానికి తెలివుంది."

ఆయన గొంతు తగ్గించాడు. "కొయ్యాలా?"

"అక్కర్లేదు. కాలు చచ్చుబడితేనో, మూత్రం ఆగిపోతేనో మద్రాసు పంపిస్తాను. చానామందికి కత్తి లేకుండానే తగ్గుద్ది. కాకపోతే మీరు కుదురుగా ఉండాలి."

పదిరోజులు ఆస్పత్రిలో ఉంచుకున్నారు. నరం మీద నొక్కుడు తగ్గేలా కాలికి పట్టీ చుట్టి, దాన్ని లాగిపెట్టడానికి మంచం చివర కప్పీ మీదుగా ఇసకసంచి వేలాడదీశారు. నడుముకు వేడినీళ్ళ కాపడం పెట్టారు. తర్వాత ఇంటి దగ్గర మూడువారాలు గట్టి చెక్క మీద పడుకోమన్నారు. ఇంట్లో అంత చెక్క లేదు. రూతమ్మ వంటింటి తలుపు ఊడదీయించి మంచం మీద పరిచింది. తలుపు లేని వంటింట్లోకి కోళ్ళు దర్జాగా నడిచివెళ్ళేవి. మాస్టారు పడుకునే ఈల ఊదేవాడు. కోళ్ళు పటాలంలో పనిచేసినవి కావు, లెక్కచేసేవి కావు.

నొప్పి తగ్గాక డాక్టరమ్మ మళ్ళీ ఆస్పత్రికి రప్పించి కసరత్తు నేర్పింది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం మెల్లగా లేపాలి. బోర్లా పడుకుని రొమ్ము కాస్త ఎత్తాలి. కసరత్తు తనకు కొత్తా అనుకున్నాడు గాని, మెల్లగా చేయడం ఆయనకు రాదు.

"ఒకటి, రెండు అని అరవకండి మాస్టారూ. ఊపిరి బిగపట్టకండి. ఇక్కడ ఎవరూ సెల్యూటు చెయ్యరు."

బరువెత్తడం కూడా మొదటినుంచీ నేర్పింది: నడుం వంచకూడదు, మోకాళ్ళు వంచి గొంతుక్కూర్చోవాలి, బరువును రొమ్ముకు ఆనించుకుని కాళ్ళ బలంతో లేవాలి, లేచాక నడుం తిప్పకుండా పాదాలతో తిరగాలి. ఖాళీ బకెట్టుతో ఆ పని చేస్తుంటే నలభై రెండేళ్ళ మనిషికి సిగ్గేసింది. ఇంటికొచ్చి రూతమ్మ చూడకుండా చేసేవాడు. ఆమె కిటికీలోంచి చూసి, చూడనట్టుండేది.

జూన్‌లో బడి తెరిచేసరికి ఒరుగు పోయింది. చిటికెనవేలి తిమ్మిరి రెండేళ్ళుంది. చలికాలంలో ఒకటి రెండుసార్లు నడుం పట్టేది. అప్పుడు రెండురోజులు పడుకుని, మూడోరోజు మెల్లగా నడిచేవాడు. పైకి చెప్పలేదు గాని, నడుమంటే కొంచెం భయం పట్టుకుంది.

ఆ ఏడునుంచి డ్రిల్లు పీరియడ్‌లో పిల్లలచేత నీళ్ళ బకెట్లు ఎత్తించి దించించేవాడు. "చదువుకు పంపితే కూలిపని నేర్పుతున్నాడేంది" అని ఇద్దరు ముగ్గురు తండ్రులు గొడవకొచ్చారు. ఆయన వాళ్ళచేత కూడా ఎత్తించాడు. ఇంట్లో ఆడపిల్లల్ని చూసి తల్లులు కూడా బావి దగ్గర గొంతుక్కూర్చుని బిందె ఎత్తుకోవడం మొదలుపెట్టారు. ఈ పాఠం ఏ సర్క్యులర్‌లోనూ లేదు. అందుకే ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మాత్రం బకెట్లు గదిలో దాచి, మామూలు డ్రిల్లే చేయించేవాడు.