మేమా, మనమా?

ఆర్థిక సంక్షోభం తర్వాత దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సభలో ఆవిడ దుబాసీ. అద్దాల గదిలో కూర్చుని, చెవిలో పడ్డ మాటను అక్కడికక్కడే తెలుగులో చెప్పాలి. సభలో మాట్లాడే భాషలో ‘మేము’కీ ‘మనం’కీ ఒకటే మాటాయె! పెద్ద దేశపు మంత్రి పొద్దుట్నుంచీ సొంత గొప్పలే చెప్పుకుంటుంటే, ఒళ్లు మండి ‘మేము, మేము’ అంటూనే ఉంది.

చివర్లో ఆయన, ఇకమీదట అప్పుల షరతులూ, నేలనూ నీటినీ కాపాడే పద్ధతులూ ఎవరు రాయాలో చెప్పాడు. మళ్లీ అదే మాట! ఈసారి ‘మేము’ అనాలో ‘మనం’ అనాలో తేలక, ఆవిడ అద్దంలోంచి ఆయన వంక చూసింది. అంతలో ఆయన చెయ్యి బల్లంతా చుట్టి, చిట్టచివరి కుర్చీలోని చిన్న దేశపాయన దాకా వెళ్లింది. హమ్మయ్య!

“మనం రాసుకుందాం,” అంది మైకులో.

ఇంట్లో, మిల్లు మూతపడి ఖాళీగా ఉన్న భర్త అడిగాడు: “ఏం తేల్చారు వాళ్లు?”

“వాళ్లేమిటండీ, మనం!” అని కసిరింది.