తిరుపతిరావు ఓపిక

గవర్నర్‌పేట సందులో ఇస్సాక్ వీడియోగేమ్ షాపు నడిపిన ఐదేళ్లూ సాయంత్రాలు కౌంటర్లో కూర్చుని టోకెన్లు ఇచ్చింది ఆయన కూతురు ఆస్మా. ఒక్కసారీ ఆడలేదు. ఎవరూ వద్దనలేదు, మెషీన్లు ఖాళీగా ఉండేవి కావు, అంతే. దీనికి ఆడపిల్ల కన్నీటిగాథ అతికించనక్కర్లేదు. ఆమె తీరిగ్గా, పక్కనుంచి, చూసింది.

ఎక్కువగా చూసింది రోజూ వచ్చే తిరుపతిరావు ఆటని. పైనుంచి బారులు తీరి దిగే పురుగుల్ని కిందనుంచి చిన్న ఫిరంగితో కాల్చాలి. మిగతావాళ్లు బటన్ని సుత్తితో మోదినట్టు మోదుతుంటే అతను ఒకసారి నొక్కి ఆగేవాడు. "చూశావా, ఓపికంటే అదీ" అని ఇస్సాక్ కూతురికి రోజూ పాఠం చెప్పేవాడు. ఓపిక మీద పాఠాలు చెప్పేవాళ్లకి ఎక్కడలేని ఓపిక!

తొంభై ఎనిమిదిలో ఆ షాపు తీసేసి జిరాక్స్, డీటీపీ పెట్టారు. మెషీన్లు పాత ఇనుములోకి పోయాయి. 2004 నాటికి ఆస్మా కంప్యూటర్ కోర్సు ముగించి, అక్కడే పెళ్లికార్డులు టైపు చేస్తోంది. గుణదలలో కిరీటి అనే ఆయన సెల్‌ఫోన్లకి గేములు చేసే చిన్న కంపెనీ పెట్టాడని తెలిసి ఉద్యోగం అడిగింది. ఆయన సర్టిఫికెట్లు తెరవనే లేదు.

"ఏదైనా పాత గేమ్ మీ చేత్తో మళ్లీ చేసి, సోమవారం పట్రండి. పరీక్ష ఒక్కటేనండి. ఆడినవాళ్లు మీరు అడక్కుండానే రెండోసారి ఆడాలి."

పురుగుల నడక, అవి తగ్గేకొద్దీ పెరిగే వేగం, అన్నీ ఆస్మాకి కంఠతా వచ్చు. శనివారానికి ఆట సిద్ధమైంది. సందు చివర స్టాండులో ఆటో పెట్టుకునే తిరుపతిరావుని పిలిచి, షాపు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. అతను నాలుగు స్క్రీన్లు ఊడ్చేసి లేచాడు.

"బావుందమ్మా. పొందిగ్గా చేశావు."

ఇంకోసారి ఆడమనబోయి ఆగింది. అడిగితే లెక్కలోకి రాదు.

"నిజం చెప్పన్నా. ఏం తేడా?"

"నీ ఫిరంగి కుళాయి తిప్పినట్టు కాలుస్తోంది. అప్పుడు అట్టా కాదుగా? వదిలిన తూటా దేనికన్నా తగలాలి, లేదా పైకెళ్లి మాయమవ్వాలి. అప్పటిదాకా రెండోది రాదు."

ఆస్మా అన్నాళ్లూ చూసింది కౌంటర్లోంచి. పక్కనుంచి ఆ సన్నటి తూటా కనబడేదే కాదు. కనబడింది చేతులే.

"మరి నువ్వు ఆగేది?"

"ఆగక చస్తానా? నొక్కినా కాలదుగా!"

"అయితే ఓపిక కాదా?"

"నాకా? బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర నన్నోసారి చూడు!"

వెనక ఇస్సాక్ ఉన్నట్టుండి కాగితాలు సర్దడంలో మునిగిపోయాడు.

ప్రోగ్రాములో మార్చాల్సింది రెండు లైన్లే. ఆదివారం పొద్దున్నే తిరుపతిరావు మళ్లీ కూర్చున్నాడు. మూడో తూటా గురి తప్పింది. అది నింపాదిగా పైకి పోతుంటే పురుగులు కిందికి దిగుతున్నాయి. అతని కాలు నేలని తన్నుతోంది. "పోవే తల్లీ, తొందరగా పోవే!" రెండో స్క్రీన్లోనే ఫిరంగి పేలిపోయింది.

ఆస్మా పెదవి బిగపట్టింది. బయట ఎవరో "ఆటో!" అని కేకేశారు.

తిరుపతిరావు తడిచెయ్యి ఖాకీ చొక్కాకి తుడుచుకున్నాడు. తల తిప్పకుండానే "ఖాళీ లేదండీ!" అని అరిచి, మొదట్నుంచి మొదలెట్టాడు.