రెండోసారమ్మ సాక్ష్యం

కుట్టు కంపెనీలో ఆమెను సొంత పేరుతో పిలిచే దిక్కు లేదు. అందరి నోటా రెండోసారమ్మే. మెషిను ఆపి లేచిన మనిషి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి స్విచ్చి మళ్ళీ చూస్తుంది. కుట్టిన చొక్కాను తిరగేసి చూసి కట్టలో పెట్టాక, దాన్ని లాగి ఇంకోసారి చూస్తుంది. ఇంట్లో గ్యాసు, వీధి తలుపు గడియ, మొగుడి జేబులో బస్సు పాసు, అన్నీ రెండేసి సార్లు. మొగుడు కుళాయిలు బిగించే మేస్త్రీ. ఎక్కడ నీళ్ళు కారినా రెంచీ తిప్పి ఆపగలడు గానీ, పెళ్ళాం గుండెలో దడను ఎక్కడ బిగించాలో ఆయనకు అంతుపట్టలేదు. "ఏం కాదులే" అని అటు తిరిగి పడుకునేవాడు. ఏం కాదులే అంటే తగ్గే జబ్బయితే ఆ మాటనే సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు.

చూసేవాళ్ళకు అది చాదస్తం. లోపల ఎలా ఉంటుందో అనుభవించే ఆమెకే తెలుసు. ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చేది. వేళ్ళు చల్లబడేవి. కారణం కనిపిస్తే దాన్ని పట్టుకుని ఏడవచ్చు. చాలాసార్లు కారణమే ఉండేది కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, ఇది నీ చేతుల్లో పెడుతున్నా" అనేది. ఆమేన్ అన్న మరుక్షణం మళ్ళీ తనే ఎత్తుకునేది, సంచి ఎదుటివాళ్ళ చేతికిచ్చి పిడి మాత్రం వదలని మనిషిలాగా. విశ్వాసులకు భయమేమిటని చర్చిలో వినీ వినీ, గుండెదడకు తోడు సిగ్గు కూడా పట్టుకుంది.

చివరికి అత్తగారే పూనుకుంది. ఆవిడ మాట సూటి, నడక కూడా సూటే, కీళ్ళ నొప్పులున్నా పక్కకు ఒరగదు. కోడల్ని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. రోజూ ఉదయం ఒక బిళ్ళ, నడక, వారం వారం వచ్చి కాసేపు మాట్లాడటం. మందు మాత్రం చెప్పకుండా మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కొన్ని వారాలకు దడ నెమ్మదించింది. అన్నం రుచి తెలిసింది. ప్రార్థనలో కూర్చుంటే మధ్యలో గ్యాసు గుర్తుకు రావడం తగ్గింది.

ఆ మొహంలో తేటదనం ముందుగా కనిపెట్టింది పాస్టరమ్మ గారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా మొదట తలుపు తట్టేది ఆవిడే. కాకపోతే మంచి కబురు చెవిన పడితే పదిమందికీ చెప్పేదాకా ఊపిరాడదు. వచ్చే ఆదివారం లేచి నిలబడి, దేవుడు నీ భయం తీసేశాడని సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి అంది. రెండోసారమ్మ నసిగింది.

"బిళ్ళలు కూడా వేసుకుంటున్నానమ్మా."

"అవన్నీ ఇప్పుడెందుకులే తల్లీ. ఎవరి వల్ల బాగుపడ్డావో అది చెప్పు, చాలు."

ఆ మాట రెండోసారమ్మ మనసులో ముల్లై కూర్చుంది. బిళ్ళ మింగుతూ, ప్రభువు బాగుచేశాడని నిలబడి చెబితే అది సగం అబద్ధం అవుతుంది. బిళ్ళ మానేసి కూడా బాగుంటే అప్పుడది నిండు నిజం. ఇలా ఆలోచించి, అబద్ధం ఆడకూడదన్న భక్తితో మర్నాటి నుంచే మందు మానేసింది. ఎవరికీ చెప్పలేదు. తెలివి తక్కువ పనులు చేయడానికి తెలివే తక్కువై ఉండనక్కర్లేదు, మంచితనం ఎక్కువైనా చాలు.

వారం తిరక్కుండానే వేళ్ళు మళ్ళీ చల్లబడ్డాయి. తల తిమ్మిరెక్కేది. ఇది శోధన, ఆదివారం దాకా ఓర్చుకుంటే గెలిచినట్టే అనుకుంది. పంతం పట్టి అన్నిటికీ రెండోసారి చూడటం మానేసింది. స్విచ్చి వైపు మెడ తిరగబోతే గట్టిగా ముందుకు తిప్పుకునేది. గడియ దగ్గర చెయ్యి ఆగబోతే కొంగులో చుట్టుకునేది. నడుస్తున్నంత సేపూ వీపు వెనక నుంచి ఎవరో పిలుస్తున్నట్టే ఉండేది.

శనివారం మధ్యాహ్నం సూది విరిగింది.

ఆ కంపెనీలో కుట్టేవి ఆసుపత్రుల్లో అప్పుడే పుట్టిన బిడ్డలకు తొడిగే చొక్కాలు. అందుకని సూది విషయంలో అక్కడొక కట్టుబాటు ఉంది. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, అట్టముక్క మీద సూది ఆకారంలో పేర్చి, పైన టేపు అంటించి సూపర్వైజరుకు చూపించాలి. మొన దాకా నిండుగా కనిపిస్తేనే కొత్త సూది ఇస్తారు. మొన తగ్గితే బల్ల మీదున్న కట్ట మొత్తం పక్కన పెట్టి, అయస్కాంతంతో వెతకాలి. అది దొరికేదాకా ఆ కట్ట గడప దాటదు.

రెండోసారమ్మ ముక్కలు పేర్చింది. టేపు ముడత పడింది. ఆ ముడత కింద మొన ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. పాత రోజులైతే టేపు పీకి, బల్ల కింద దూరి, కట్టంతా విప్పేసి ఉండేది. ఇప్పుడు గుండె దడదడలాడింది. దడ వచ్చిందంటే ఇది భయమే, భయమంటే అవిశ్వాసమే, రేపు సాక్ష్యం పెట్టుకుని ఇవాళ లొంగిపోతానా అనుకుంది. లేచి వెళ్ళి అట్ట చేతికిచ్చింది. సూపర్వైజరు వారాంతం హడావిడిలో ఉంది.

"నువ్వు చూశాక నేను చూసేదేముంటుందే" అని, అట్ట వంక కూడా చూడకుండా కొత్త సూది ఇచ్చేసింది. కట్ట డబ్బాలోకి వెళ్ళింది. సోమవారం తెల్లవారగానే లారీ వస్తుంది.

ఆ సాయంత్రం నుంచి ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. కూర్చుంటే లేచేది, లేస్తే ఎందుకు లేచిందో తెలిసేది కాదు. గిన్నె తోమి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. కళ్ళు మూసుకుంటే పసిబిడ్డ వీపు, ఆ వీపుకు ఆనుకున్న కుట్టు, కుట్టులో తళుక్కుమనే మొన. ప్రార్థన మొదలుపెడితే మాట ముందుకు సాగలేదు. భయం తీసెయ్యి అని అడగాలో, మొన చూపించు అని అడగాలో తేల్చుకోలేకపోయింది. ఇది జబ్బు మాట్లాడుతోందా, మనస్సాక్షి మాట్లాడుతోందా? రెండూ ఒకే గొంతుతో మాట్లాడితే మనిషి ఏం చేస్తుంది?

అత్తగారు మంచం మీద నుంచి అంతా గమనిస్తూనే ఉంది. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతుంటే గుమ్మంలో అడ్డంగా నిలబడింది. చేతిలో పోయిన వారం తెచ్చిన బిళ్ళల అట్ట ఉంది, నిండుగా, ఒక్క గుంటా చిట్లకుండా.

"గ్యాసు రెండోసారి చూడకుండా బయటికొస్తే ఏదో మునిగిందనుకున్నా. ఇదన్నమాట. ఎవరు మానమన్నారు?"

"ఎవరూ అన్లేదత్తయ్యా. సాక్ష్యం చెప్పాలి కదా."

"నేను ఇన్నేళ్ళ నుంచి బీపీ బిళ్ళ మింగుతున్నా. ఆ బిళ్ళ చేతిలో పెట్టుకునే ఆయనకి దణ్ణం పెడతా. నా బిళ్ళ మీద లేని కోపం ఆయనకి నీ బిళ్ళ మీదే వచ్చిందా?"

కోడలు వంగి చెప్పులు తొడుక్కుంది. సూది సంగతి మాత్రం చెప్పలేదు. మొగుడు ఎక్కడో పైపు పగిలిందని పొద్దున్నే పోయాడు. ఇద్దరాడవాళ్ళూ చర్చికి నడిచారు.

పాటలయ్యాయి. పాస్టరు గారు వాక్యం చెప్పారు. భయపడకుము అన్న మాట గ్రంథంలో ఎన్నెన్ని చోట్ల ఉందో వేళ్ళు మడిచి మరీ వినిపించారు. ఆయన వేలు మడిచినప్పుడల్లా రెండోసారమ్మకు కంపెనీలో ఒక చొక్కా కళ్ళ ముందు విప్పుకుంది. లేస్తే నవ్వుతారు. లేవకపోతే లారీ వెళ్ళిపోతుంది. అంతలో పాస్టరమ్మ గారు వెనక్కి తిరిగి, నిండా నవ్వుతూ, లేవమని సైగ చేసింది.

లేచింది. ముందు బల్ల అంచు పట్టుకుంది. మైకు ఇచ్చారు గానీ అది గొంతు కన్నా ఎక్కువ మోత చేసింది. పక్కన పెట్టేసింది.

"నా భయం పోయిందని చెప్పమన్నారు. తగ్గిన మాట నిజం. ప్రార్థనతో ఎంత తగ్గిందో, డాక్టరమ్మ బిళ్ళలతో ఎంత తగ్గిందో నాకు తెలీదు. ఈ సాక్ష్యం కోసమే బిళ్ళలు మానేశాను. మళ్ళీ వచ్చేసింది. నా కాళ్ళు చూడండి, ఎలా ఉన్నాయో. నిన్న కంపెనీలో సూది విరిగితే మొన సరిగ్గా చూడకుండా ఇచ్చేశాను, చూస్తే భయపడినట్టవుతుందని. అవి పసిబిడ్డల చొక్కాలు. నేను ఇప్పుడు కంపెనీకి వెళ్ళాలి. నన్ను క్షమించండి."

పాస్టరమ్మ గారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియక. రెండోసారమ్మ నడవ వెంట తలుపు వైపు నడిచింది. కీళ్ళ నొప్పుల అత్తగారు ఆమె వెనకే టకటకా వచ్చేసింది. గుమ్మం దగ్గర సంఘపెద్ద ఒకాయన ఉన్నాడు. ప్రార్థన చేస్తే కిటికీ అద్దాలు అదిరే గొంతు ఆయనది. ఆ గొంతును ఎప్పుడూ లేనంతగా తగ్గించి, చెవి దగ్గరికి వంగి, ఏ ఆసుపత్రి డాక్టరమ్మా అని అడిగాడు. అత్తగారు వీధి పేరు చెప్పి, ఆగకుండా నడిచింది.

దారిలో కోడలికి ఏడుపు ఆగలేదు. దేవుడి పరువు తీశానత్తయ్యా అంది. అత్తగారు ఆయాసపడుతూనే నోటికి పని చెప్పింది.

"ఆయన పరువు నీ కాళ్ళ వణుకుతో పోయేంత చిన్నదా? భయపడకు, భయపడకు అని ఆయన అన్నిసార్లు చెప్పాడని ఇప్పుడేగా విన్నావు. ఒక్కసారి చెబితే ఊరుకునే మనుషులైతే అన్నిసార్లు చెప్పాల్సిన పని ఆయనకేంటి? నీలాంటివాళ్ళుంటారని తెలిసే చెప్పాడు. ఆయనకీ నీలాగే రెండోసారి అలవాటుందిలే, నడు."

ఏడుపు మధ్యలోనే ఆమెకు నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని నడక పెంచింది.

సూపర్వైజరు ఇల్లు కంపెనీ వెనకాలే. తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. సంగతి విని మొహం గంటు పెట్టుకుంది. డబ్బా దింపి కట్ట విప్పారు. ముగ్గురూ తలా ఒక వైపు కూర్చుని, ఒక్కో చొక్కా మీద అయస్కాంతం పెట్టి లాగుతూ, కుట్ల వెంబడి వేళ్ళతో నొక్కి చూశారు. మెడ కుట్టు, చంక కుట్టు, అంచు మడత. అత్తగారి కళ్ళకు సూది కాదు కదా సూదుల డబ్బా కూడా ఆనదు, అయినా వేళ్ళు మాత్రం మానలేదు. కట్ట అయిపోయింది. ఏమీ దొరకలేదు.

దొరక్కపోయేసరికి రెండోసారమ్మకు ఊపిరి అందలేదు. ఉంది, ఎక్కడో ఉంది, మన వేళ్ళే జారిపోయాయి అంటూ మొదటి చొక్కాను మళ్ళీ అందుకుంది. సూపర్వైజరు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టుకున్నాక తెలిసింది ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో. గంటు పెట్టుకున్న మొహం కాస్త సడలింది. చొక్కాలు అయిపోయాయి, ఇంక మెషిను చూద్దాం పద అంది. స్క్రూలు తిప్పి సూది కింద రేకు ఊడదీసింది. లోపల నూనెలో నానిన దూది పేరుకుని ఉంది. అయస్కాంతం ముట్టించి ఎత్తితే, ఆ దూదితో పాటు సన్నగా ఒకటి లేచి వచ్చింది. నువ్వుగింజలో సగం కూడా లేదు.

సూది అట్ట మీది పాత టేపు పీకి, మొనను దాని చోట పెట్టి, ముడత లేకుండా కొత్త టేపు వేశారు. సూది నిండింది. రెండోసారమ్మ ఆ అట్టను సూపర్వైజరు చేతికిచ్చింది.

"నువ్వు రెండోసారి చూస్తావన్న ధైర్యంతోనే కదే నేను మొదటిసారి కూడా చూడను" అంది సూపర్వైజరు. "రేపు యజమానికి ఇద్దరం కలిసే చెబుదాం. తిట్టేదేదో ఇద్దర్నీ తిడతాడు. ఇక అట్ట ఎవరిచ్చినా నా కళ్ళతో చూస్తాను. నువ్వు ఇచ్చేశాక మాత్రం అది నా పూచీ. మళ్ళీ వెనక్కి తీసుకోకు."

ఇచ్చేశాక వెనక్కి తీసుకోకు. ఆ మాట చర్చిలో పాస్టరు గారు ఎన్నిసార్లో చెప్పారు, వేరే మాటల్లో. అట్టముక్క చేతిలోంచి అవతలి చేతిలోకి వెళ్తుంటే చూశాక గానీ అది ఆమెకు తలకెక్కలేదు. తలకెక్కినంత మాత్రాన గుండె వెంటనే ఊరుకోలేదు. ఇంటికి వెళ్తుంటే, టేపు గట్టిగా అంటుకుందా అని వెనక్కి తిరిగింది. అత్తగారు జబ్బ పట్టుకుని ముందుకు తిప్పింది.

ఇంటికొచ్చాక బిళ్ళల అట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. మధ్యలో మానేసిన మందు మళ్ళీ ఎలా మొదలెట్టాలో రేపు డాక్టరమ్మను అడుగుదాం, సొంత వైద్యాలు చాలు అంది అత్తగారు. తన బీపీ బిళ్ళ మాత్రం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. కోడలు కూడా కళ్ళు మూసుకుంది. ఈసారి భయం తీసెయ్యమని అడగలేదు. రేపు పొద్దున కంపెనీకి నాతో కూడా రా ప్రభువా అని మాత్రం అడిగింది. యజమాని తిట్లు ఉన్నాయి, పాస్టరమ్మ గారికి మొహం చూపించడం ఉంది, డాక్టరమ్మకు చెప్పుకోవడం ఉంది. ఆమేన్ అన్నాక గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

లేచి వెళ్ళి గ్యాసు చూసింది. కట్టేసే ఉంది. గుమ్మం దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసింది.

"రెండైపోయాయి" అంది అత్తగారు మంచం మీద నుంచి. "మూడోది నే చూస్తాలే. నువ్వు పడుకో."