నుస్రత్ గారి అక్షరాల ఫ్లాపీ

మా సందులో నుస్రత్ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఫ్లాపీ. విజయవాడ గవర్నర్‌పేటలో శుభలేఖలు కంపోజ్ చేసే కొట్లు మావి తొమ్మిది. కొత్త తెలుగు ఫాంట్లు ఎక్కడ దొరికినా ముందు ఆవిడ చేతికొచ్చేవి. వాటిని ఫ్లాపీలోకి ఎక్కించి, పక్కింటికి తోడు పెరుగు ఇచ్చినట్టు కొట్టుకొట్టుకూ ఇచ్చేది. నేను మాత్రం పుచ్చుకోలేదు. నాకు రావలసిన పెళ్లివారి బేరమొకటి తన్నుకుపోయిందని రెండేళ్లుగా ఆవిడతో మాటలు మానేశాను. ఈ జక్కయ్యకి ముక్కు మీద కోపమని సందంతా అనేది. ఉంటే ఉందిలెండి.

తొంభై తొమ్మిది ఏప్రిల్ ఇరవై ఆరు. వైశాఖ ముహూర్తాల గిరాకీ. ఆ ఒక్కపూటలో ఎనిమిది కొట్ల కంప్యూటర్లూ చచ్చిపోయాయి. లోపలున్న లేఖలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

మర్నాడు బెంజ్ సర్కిల్ నుంచి మెకానిక్ వచ్చాడు. "చెర్నోబిల్ వైరస్సండీ. కొరియాలో, టర్కీలో కూడా ఇదే గోలంట. ఏదో ఫ్లాపీలో వచ్చి, నిన్నటి తారీఖు దాకా నక్కి కూర్చుంది" అన్నాడు.

ఎవడో ఎక్కడో చేసిన వెధవపనికి కైకలూరులో ఓ పెళ్లికూతురి శుభలేఖ ఆగడమేమిటని ఒళ్లు మండింది. నా కంప్యూటర్ మాత్రం నిక్షేపంగా ఉంది. అదంతా నా తెలివే అనుకుని మీసం దువ్వుకున్నాను.

నుస్రత్‌కి అప్పుడే వెలిగింది. చచ్చిన ఎనిమిదింటిలోనూ తిరిగింది తన ఫ్లాపీ. తిరగనిది నా కొట్టొక్కటే. ఆ సంగతి ఇంకెవరికీ తట్టలేదు. నోరు మూసుకుంటే గడిచిపోయేది. చెబితే సందులో ఇక ఆవిణ్ణి ఎవరు నమ్ముతారు?

అయినా గుమ్మం గుమ్మం తిరిగి చెప్పింది. "మీ మెషీన్ పోయింది నా ఫ్లాపీ వల్లేనండీ. తెలీక ఇచ్చాను. మీ లేఖలన్నీ మళ్లీ నేనే కొట్టిపెడతాను."

ఎదురు కొట్టు సుబ్బరత్నం గారైతే పదిమందిలో కడిగేశారు. నుస్రత్ తల దించుకోలేదు. చివరికి నా గుమ్మమెక్కింది.

"జక్కయ్య గారూ, బతికున్నది మీదొక్కటే. మూడు రోజులు మీ కంప్యూటర్ కావాలండీ."

"మనకి మాటల్లేవుగా?"

"మీకే నాతో లేవండీ. నాకు ఎప్పుడూ ఉన్నాయి."

సిగ్గేసింది. కుర్చీ ఖాళీ చేశాను.

ప్రూఫు నచ్చితే పెళ్లివారు దాని మూలకి పసుపు రాసి ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. ఆ కాగితాలు ఎవరూ పారేయరు. వాటిని ముందు పెట్టుకుని మూడు రోజుల్లో నలభై ఒక్క లేఖలు కొట్టింది. ఒక్కటీ తప్పిపోలేదు, నేనే సరిచూశాను.

నాలుగో రోజు లేఖలు పట్టుకెళ్లడానికి అందరూ నా కొట్టుకే వచ్చారు. వాళ్ల కంప్యూటర్లలో కొత్త డిస్కులు పడ్డాయి గానీ ఫాంట్లు లేవు. నుస్రత్ ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టింది.

"మెకానిక్ చేత శుభ్రం చేయించానండీ."

ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఆవిడ మొహం వాడిపోవడం మొదటిసారి చూశాను.

సందులో వైరస్ సోకని కంప్యూటర్ నాదొక్కటే. ఫ్లాపీ తీసుకుని, అందరూ చూస్తుండగా అందులో పెట్టాను.